పాత పార్టుల గిటార్: రెండు పికప్‌లు కలిపితే సౌండ్ ఎందుకు చచ్చిపోతుంది?

విరిగిన గిటార్ల నుంచి తీసిన పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు కాయిల్స్), పాత రేడియోలోంచి పీకిన వాల్యూమ్ కంట్రోల్, ఎందులోంచో వచ్చిన స్విచ్చి. వీటితో గిటార్‌ని మార్చుకునేవాళ్లకి వచ్చే సమస్యలు నాలుగైదు రకాలే, వాటిని నేను లెక్కలేనన్నిసార్లు విప్పి సరిచేశాను. మీకు టంకం వేయడం వచ్చు, మల్టీమీటర్ ఉంది అనుకునే ఇది రాస్తున్నాను. ఆ మల్టీమీటర్ బయటికి తీయాల్సింది అన్నీ బిగించాక కాదు, టంకం వేయకముందే. కొత్త పార్టయితే ఏమిటో కవరు మీద రాసి ఉంటుంది, పాతదాన్ని కొలిస్తే తప్ప తెలియదు. కానీ అందరూ దాటేసేది ఈ పనే. తీగలు కూడా ఎక్కించేసి ట్యూన్ చేసేశాక "అన్నా, సౌండ్ రావట్లేదు" అంటారు.

అసలు సౌండే లేదు

వెంటనే స్క్రూలు విప్పకండి. గిటార్‌కి కేబుల్ పెట్టి, ఏదో ఒక్క పికప్ మీద స్విచ్చి ఉంచి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, కేబుల్ రెండో చివర ప్లగ్గు మొనకీ దాని ఒంటికీ మధ్య ఓమ్స్ కొలవండి. సింగిల్ కాయిల్‌కి సుమారు 5 నుంచి 7 కిలో ఓమ్స్, మామూలు హంబకర్‌కి (మోత తగ్గేలా రెండు కాయిల్స్ కలిపిన పికప్) 7 నుంచి 9 రావాలి. చుట్లు ఎక్కువగా ఉన్న హంబకర్లు 16 దాకా కూడా చూపిస్తాయి. సున్నా వస్తే హాట్ వైరు (సిగ్నల్ మోసేది) ఎక్కడో గ్రౌండ్‌కి (తిరుగు వైరుకి) తగులుతోంది. ముందు జాక్ దగ్గర చూడండి, అల్లిక వైరులోంచి ఒక్క పోగు పక్కకి వచ్చి తగిలినా చాలు. 250 లేక 500 కిలో ఓమ్స్ వస్తే పాట్ (అంటే వాల్యూమ్ కంట్రోల్) బాగానే ఉంది, పికప్ లోపల తెగింది లేదా దాని వైరు ఊడింది. ఏమీ చూపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. అర నిమిషం పని ఇది, దీని మీదే సగం కేసులు తేలిపోతాయి.

సౌండ్ వస్తోంది కానీ దుప్పటి కప్పినట్టు ఉంది

పాట్ విలువ తప్పు. రేడియోల్లో, ఆంప్లిఫయర్లలో ఉండేవి ఎక్కువగా 10కె, 50కె, 100కె. గిటార్‌కి కావాల్సింది సింగిల్ కాయిల్ అయితే 250కె, హంబకర్ అయితే 500కె. 10కె పాట్ పెడితే వాల్యూమ్ పూర్తిగా తిప్పినా అది పికప్ మీద భారంలా కూర్చుని ట్రెబుల్ మొత్తం మింగేస్తుంది. బయటి రెండు కాళ్ల మధ్య కొలిస్తే విలువ తెలిసిపోతుంది. పాట్ వీపు మీద ఏ, బి అని ఉండే అక్షరాన్ని మాత్రం నమ్మకండి, అది ఏ కాలంలో ఎక్కడ తయారైందో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. నాబ్‌ని సరిగ్గా మధ్యకి తిప్పి మధ్య కాలు నుంచి చివరి కాలుకి కొలవండి. సగం వస్తే లీనియర్. ఒక పక్క పదో వంతు, ఆరో వంతు అలా వచ్చి రెండో పక్క మిగతాదంతా వస్తే లాగ్. వాల్యూమ్‌కి లాగ్ ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. టోన్ కెపాసిటర్ మీద 223 లేదా 473 ఉంటే సరే, అంటే 0.022, 0.047 మైక్రోఫారడ్. టోన్ పూర్తిగా తగ్గించగానే సౌండ్ మందగించకుండా మొత్తానికే పోతోందంటే ఆ కెపాసిటర్ లోపల షార్ట్ అయింది, పారేయండి.

బుర్రుమని మోత

తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గుతోందా? బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే లోహపు భాగం) గ్రౌండ్ బాగానే ఉంది, లోపల గుంటకి రాగి రేకు అతికించి గ్రౌండ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. చెయ్యి వేసినా తేడా లేదంటే బ్రిడ్జ్‌కి వెళ్లాల్సిన గ్రౌండ్ వైరు లేదు. చెయ్యి వేస్తే పెరుగుతోందంటే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయి. తీగలు ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే మాత్రం గిటార్ కింద పెట్టి ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకేయండి. ఆ తప్పు ఆంప్‌లోనో గోడ ఎర్తింగ్‌లోనో ఉంది, అది తేలేదాకా వాయించకూడదు.

విడివిడిగా బాగున్నాయి, కలిపితే పీలగా ఉంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. రెండు వేర్వేరు గిటార్ల నుంచి తీసిన సింగిల్ కాయిల్స్ పెట్టాను. నెక్ పికప్ (మెడ వైపుది) ఒక్కటే వాయిస్తే గుండ్రంగా, నిండుగా ఉంది. బ్రిడ్జ్ పికప్ కూడా బాగుంది. స్విచ్చి మధ్యలోకి తెచ్చేసరికి బాస్ మొత్తం మాయమై, జలుబు చేసినవాడు ముక్కుతో పాడుతున్నట్టు అయిపోయింది. స్విచ్చి మీద అనుమానంతో దాన్ని మార్చాను. పాట్లు మార్చాను. టంకాలన్నీ పీల్చేసి మళ్లీ వేశాను. ఓమ్స్ కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు సాయంత్రాలు అలా పోయాయి. ఓమ్స్ అన్నది కాయిల్ ఎంత ఉందో చెబుతుంది తప్ప ఏ దిక్కున ఉందో చెప్పదు, అసలు మోసమంతా అక్కడే.

తీగ కదిలిన క్షణంలో ఒక పికప్ వోల్టేజీని పైకి నెడుతుంటే రెండోది కిందికి లాగుతోంది. బాస్ రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడాగా ఉన్న పై శబ్దాలు మాత్రం మిగులుతాయి. దీన్నే ఫేజ్ తిరగబడటం అంటారు. దిక్కుని నిర్ణయించేవి రెండు: వైరు ఎటు చుట్టారు, అయస్కాంతం ఏ ధ్రువం పైకి ఉంది. ఒకే కంపెనీ సెట్‌లో ఈ రెండూ చూసుకునే అమ్ముతారు. మీరు రెండు చోట్ల నుంచి తెచ్చినప్పుడు చూసుకోవాల్సింది మీరే.

పరీక్ష తేలిక. మల్టీమీటర్ 20కె ఓమ్స్ మీద పెట్టండి, ఆటో రేంజ్ ఉంటే దాన్ని ఆపేయండి. ఎర్ర ప్రోబ్ హాట్‌కి, నల్లది గ్రౌండ్‌కి క్లిప్పులతో పట్టించండి. స్క్రూడ్రైవర్ ఇనుప మొనని పికప్ పైభాగానికి టక్కున ఆనించండి. అంకె ఒక్క క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, అదే చూడాలి. నాలుగైదుసార్లు చేసి రాసుకోండి. ముల్లు ఉన్న పాత మీటర్ దొరికితే ఇంకా మంచిది, దాన్ని తక్కువ వోల్టుల మీద పెడితే ముల్లు ఎటు కొట్టుకుంటుందో కంటికి కనిపిస్తుంది. రెండు పికప్‌లకీ ఒకే వైపు కదలాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి అయితే దొంగ దొరికాడు.

సరిచేసే దారులు రెండు, ఒక పికప్ వైర్లు తారుమారు చేయడం లేదా దాని అయస్కాంతం తిప్పడం. ఏది చేయాలో తెలియాలంటే రెండు పికప్‌లనీ ఎదురెదురుగా మొహాలు చూసుకునేట్టు పట్టుకుని మెల్లగా దగ్గరికి తీసుకురండి. ఆకర్షించుకుంటే పై ధ్రువాలు వేరు, అప్పుడు వైర్లు తారుమారు చేస్తే ఫేజ్ కుదురుతుంది, పైగా రెండూ కలిపి వాడినప్పుడు మోత కూడా పోతుంది. తోసుకుంటే ధ్రువాలు ఒకటే. అప్పుడు వైర్లు మార్చినా సౌండ్ నిండుగా వస్తుంది కానీ కలిపినప్పుడు మోత మిగులుతుంది, అయస్కాంతం తిప్పితేనే రెండు లాభాలూ. అయితే గుండ్రటి కడ్డీ అయస్కాంతాలున్న సింగిల్ కాయిల్‌లో కడ్డీలు నెట్టే ప్రయత్నం చేయకండి. చాలావాటిలో వెంట్రుకంత సన్నటి వైరుని నేరుగా వాటి మీదే చుట్టి ఉంటారు, కడ్డీ కదిలిందంటే కాయిల్ తెగినట్టే. కింద సిరామిక్ పలక అతికించినవైతే ఊడదీసి తిప్పొచ్చు.

వైర్లు తారుమారు చేసేముందు ఇంకొకటి చూడాలి. ఇక్కడ జారిపడేవాళ్లు చాలామంది. పికప్‌కి లోహపు మూత గానీ కింద లోహపు పలక గానీ ఉంటే అది లోపల గ్రౌండ్ వైరుకే కలిపి ఉంటుంది. టెలికాస్టర్ గిటార్ నెక్ పికప్ మూతకి ఒక చిన్న నాలుక ఉంటుంది, అది ఇదే. అలాగే వైర్లు మార్చేస్తే మూత మొత్తం హాట్ అయిపోయి, వేలు తగిలినప్పుడల్లా బుర్రుమంటుంది. ఆ కలిపిన చోటు తెంపి, మూతకి విడిగా ఒక గ్రౌండ్ వైరు వేసి, ఆ తర్వాతే మార్చండి. అల్లిక తొడుగుతో ఒక్క వైరే వచ్చే పాత హంబకర్‌కైతే ఈ గొడవంతా వద్దు. వెనక నాలుగు స్క్రూలు వదులు చేసి, మధ్యలో ఉన్న అయస్కాంతపు పట్టీని పక్కకి జరిపి తీసి, దొర్లించి మళ్లీ దోపేయండి.

నాలుగు వైర్ల హంబకర్‌లో ఇదే జబ్బు ఒక్క పికప్ లోపలే వస్తుంది. సేమూర్ డంకన్ కంపెనీదాంట్లో నలుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ కలపాలి. డిమార్జియో కంపెనీదాంట్లో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలపాలి. డంకన్ బొమ్మ చూసి డిమార్జియోకి వేస్తే ఓమ్స్ అణా పైసలతో సహా సరిపోతాయి, సౌండ్ మాత్రం రేకు డబ్బాలా ఉంటుంది. రెండు వరసల మీదా స్క్రూడ్రైవర్ పరీక్ష చేయండి, రెండూ ఒకే వైపు కదలాలి.

ఈ పీల సౌండ్ కావాలని కోరుకునేవాళ్లూ ఉన్నారు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే 1963లో మొదలుపెట్టి, తండ్రితో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో, మోటార్ సైకిల్ వాల్వ్ స్ప్రింగులతో చేసుకున్న గిటార్‌లో ఒక్కో పికప్‌కి ఒక్కో ఫేజ్ స్విచ్చి ఉంది. మీకూ నచ్చితే రెండు పోళ్ల స్విచ్చి ఒకటి పెట్టుకోండి.

మిగతావి

గట్టి సౌండ్ దగ్గర పికప్ కీచుమంటే కాయిల్ వదులైంది, మైనం పట్టించాలి. పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్ఫైసార్లు తిప్పండి. అయస్కాంతం బలం పోయిందేమో అన్న అనుమానం ఎక్కువమందికి వస్తుంది కానీ నిజంగా అలా జరగడం చాలా అరుదు, ముందు పికప్ ఎత్తు సరిచూసుకోండి.