హోమ్ మీడియా సర్వర్‌లో ఓఎస్ అప్‌గ్రేడ్‌కి ముందు: డిస్క్ కేబుల్ పీకాకే మొదలుపెట్టండి

మా ఇంట్లో టీవీ స్టాండ్ కింద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక్కో పార్టూ కొని బిగించుకున్నది. దానికి 4 టీబీల ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, ఉబుంటు అనే లైనక్స్ ఓఎస్ మీద, వీడియోలను టీవీకి పంపే జెల్లీఫిన్ అనే సర్వర్ ప్రోగ్రామ్ నడుపుతున్నాను. సినిమాలు, పాటలు చాలానే ఉన్నాయి. కానీ ఇంట్లోవాళ్లు ఎక్కువసార్లు పెట్టుకునేవి అవి కావు. అక్క పెళ్లి వీడియో, పిల్లల మొదటి అడుగులు, నానమ్మ బతుకమ్మ పాటలు పాడుతుండగా క్యామ్‌కార్డర్‌తో తీసిన గంటన్నర టేపు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. నానమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఆ డిస్కులోనే ఉంది.

ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారిన మర్నాడు పొద్దున అమ్మ టీవీ ముందు నుంచి పిలిచింది. "నానమ్మ వీడియో వస్తలేదేందిరా?" వెళ్లి చూస్తే లైబ్రరీ మొత్తం ఖాళీ. ఒక్క ఫోల్డర్ కూడా లేదు. చెమటలు పట్టేశాయి. పది నిమిషాల తర్వాత తెలిసింది, ఫైళ్లన్నీ డిస్కులో భద్రంగానే ఉన్నాయి. అప్‌గ్రేడ్ తర్వాత డిస్క్ మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌లో తన ఫోల్డర్‌కి తగులుకోలేదు, అంతే. కానీ రాత్రి సర్వర్ తన అలవాటు ప్రకారం స్కాన్ చేసి, ఫోల్డర్ ఖాళీగా కనిపించేసరికి, ఫైళ్లు పోయాయనుకుని ఎంట్రీలన్నీ తీసేసింది. ఏ పాట ఏ నిమిషంలో మొదలవుతుంది, పక్కన చప్పట్లు కొడుతున్నది ఎవరు అని అమ్మను అడిగి మూడు వారాలు కూర్చుని టైప్ చేసిన వివరాలు పోయాయి. అవి మళ్లీ రాయడానికి అమ్మా నేనూ రెండు నెలలు ఆదివారాలు కూర్చున్నాం.

ఆ తర్వాత అప్‌గ్రేడ్ ఎలా చేయాలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రోజు సంగతి

ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండే) వెర్షన్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది. కానీ పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు అప్‌గ్రేడ్ చేసుకోమన్న కబురు వెంటనే రాదు, మొదటి పాయింట్ రిలీజ్ (దిద్దుబాట్లు కలిపి వచ్చే విడుదల) తర్వాతే వస్తుంది. 22.04.1, 24.04.1 రెండూ ఆగస్టులోనే వచ్చాయి. హైదరాబాద్‌లో ఆగస్టు అంటే వానలు, వానంటే కరెంటు పోవడం. ఫైళ్లు మార్చే మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ సగం పాతగా సగం కొత్తగా మిగిలిపోతుంది. దాన్ని బాగు చేసుకోవడం కంటే ఒక వారం ఆగడం మేలు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా పడకండి. చాలా ఇన్వర్టర్లకు వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే, కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ లిప్తపాటులో ఫ్యాన్‌కి, లైట్‌కి ఏం కాదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. స్విచ్ మార్చి, అప్‌గ్రేడ్‌కి ముందే ఒకసారి మెయిన్ ఆపి చూడండి. విడిగా చిన్న యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. రెండు మూడేళ్లు దాటిన బ్యాటరీ పచ్చ లైటు చూపిస్తూనే లోడు పడగానే చేతులెత్తేస్తుంది. రౌటర్‌ని కూడా అదే యూపీఎస్‌కి పెట్టండి.

పండగ ముందు రోజు అసలు పెట్టుకోవద్దు. వినాయక చవితికి చుట్టాలంతా వచ్చి కూర్చున్నాక టీవీలో గుండ్రంగా తిరుగుతూ ఉంటే ఆ టెన్షన్‌లో చేయకూడనివన్నీ చేస్తాం. ఖాళీగా ఉన్న ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి. పని రెండు గంటల్లో అయిపోయినా, రోజంతా చేతిలో ఉండాలి.

ఏది కాపీ తీయాలి

సినిమా పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇంటి వీడియోలు రావు. ముందుగా వాటిని ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. చేసి వదిలేయకుండా, కాపీలోంచి మూడు నాలుగు ఫైళ్లు తెరిచి మధ్యలోకి జరిపి చూడండి. సైజు సరిపోయింది కదా అని ఊరుకున్న కాపీలు అవసరానికి తెరుచుకోకపోవడం నేను చూశాను.

రెండోది సర్వర్ డేటాబేస్. జెల్లీఫిన్‌కి ఉబుంటు, డెబియన్‌లలో ఇది వార్ డైరెక్టరీ కింద లిబ్‌లో, జెల్లీఫిన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది. సెట్టింగుల్లో కొన్ని ఈటీసీ కింద ఉంటాయి. ప్లెక్స్ అనే ఇలాంటి ఇంకో సర్వర్‌కి అయితే వార్, లిబ్ కిందే ప్లెక్స్‌మీడియాసర్వర్ అనే ఫోల్డర్. మీరు చూసినవాటికి పడ్డ టిక్కులు, చేత్తో రాసుకున్న పేర్లు, మార్చుకున్న పోస్టర్లు అన్నీ ఇందులోనే. సర్వర్ నడుస్తుండగా మాత్రం కాపీ తీయకండి. రెండూ వాడేది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. కొత్తగా రాసినవి కాసేపు పక్కనున్న వాల్ అనే ఇంకో ఫైల్‌లోనే ఉంటాయి. సర్వీస్ ఆపకుండా మెయిన్ ఫైల్ ఒక్కటే తీసుకుంటే ఆ కాపీ చెడిపోయి ఉండొచ్చు. సర్వీస్ ఆపి, ఫోల్డర్ మొత్తం, ఓనర్లూ పర్మిషన్లూ మారకుండా తీసుకోండి.

ఇంకో మాట. ఓఎస్ అప్‌గ్రేడ్, సర్వర్ సాఫ్ట్‌వేర్ పెద్ద వెర్షన్ మార్పు ఒకే రోజు చేయకండి. జెల్లీఫిన్ 10.11లో డేటాబేస్ తీరే మారింది. ఒకసారి కొత్తదానికి మారిన డేటాబేస్‌ని పాత వెర్షన్ చదవదు, వెనక్కి రావాలంటే ముందు తీసిన కాపీయే దిక్కు. రెండూ కలిపి చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

కాపీలయ్యాక ఒక కాగితం తీసుకోండి. ఓఎస్ వెర్షన్, సర్వర్ వెర్షన్, ఐపీ అడ్రస్, డిస్క్ యూయూఐడీ (డిస్కుకి ఉండే సొంత గుర్తింపు నంబర్), అది ఏ ఫోల్డర్‌లో మౌంట్ అవుతోంది, లైబ్రరీలో ఇచ్చిన దారులు ఏమిటి, సర్వర్ యూజర్ (సర్వర్ ప్రోగ్రామ్ నడిచే ఖాతా) ఏయే గ్రూపుల్లో ఉన్నాడు, ఇవన్నీ రాయండి. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌ని స్క్రీన్ మీద తెరిచి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ వివరాలన్నీ సర్వర్‌లోనే దాచుకుంటే, అది లేవని రోజు వాటిని చూసే దారి ఉండదు. నా కాగితం క్యాబినెట్ పక్కన టేపు వేసి అంటించి ఉంది.

డిస్క్ సంగతి

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మూడు పనులు, ఇదే వరుసలో.

మొదట సర్వర్ సర్వీస్‌ని ఆపి, మాస్క్ చేయండి. ఆపినంత మాత్రాన చాలదు, అప్‌గ్రేడ్ తర్వాత రీబూట్ అయినప్పుడు అది దానంతట అదే లేస్తుంది. మాస్క్ చేస్తే మీరు తీసేదాకా లేవదు. ప్లెక్స్ వాడేవాళ్లు దీనికి ముందే లైబ్రరీ సెట్టింగుల్లో, స్కాన్ అయిన ప్రతిసారీ ట్రాష్ ఖాళీ చేసే ఆప్షన్ తీసేయండి. అది తీసేసి ఉంటే, డిస్క్ కనబడకపోయినా ఎంట్రీలు వెంటనే తుడిచిపెట్టుకుపోవు.

తర్వాత ఎఫ్‌స్టాబ్ చూడండి. అందులో డిస్క్ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేరుతో ఉంటే యూయూఐడీకి మార్చండి. ఆ పేర్లు బూట్ బూట్‌కీ మారవచ్చు. పక్కన నోఫెయిల్ అన్న ఆప్షన్ ఉందో లేదో చూడండి. అది లేకుండా డిస్క్ తీసేస్తే సిస్టమ్ దాని కోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడిపోతుంది. నా డిస్క్ అసలు ఎఫ్‌స్టాబ్‌లోనే లేదు. డెస్క్‌టాప్‌లో లాగిన్ అయినప్పుడు మీడియా ఫోల్డర్ కింద, నా యూజర్ పేరుతో తనంతట తాను మౌంట్ అయ్యేది. అప్‌గ్రేడ్ తర్వాత ఎవరూ లాగిన్ కాలేదు, అది మౌంట్ కాలేదు. పైగా ఆ చోట మౌంట్ అయిన డిస్కుని చదవడానికి జెల్లీఫిన్ యూజర్‌కి చాలాసార్లు పర్మిషన్ కూడా ఉండదు. ఎంఎన్‌టీ కింద సొంతంగా ఒక ఫోల్డర్ పెట్టి అక్కడ మౌంట్ చేయడమే మంచిది.

ఇక మూడోది, డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లయితే ఇది తప్పనిసరి. డిస్క్ ఎంచుకోమని అడిగే స్క్రీన్‌లో రెండు డిస్కులు కనిపిస్తే వేలు తప్పేది ఒక్క క్షణం. తగిలించి లేని డిస్కుని ఎవరూ ఫార్మాట్ చేయలేరు.

అంతా అయ్యాక డిస్క్ తగిలించి, మౌంట్ అయిందో లేదో మీ కళ్లతో చూసి, లోపలి ఒక వీడియో ఫైల్ పేరు చదివి, అప్పుడు మాస్క్ తీయండి. ఇంకా గట్టి కాపలా కావాలంటే సర్వీస్‌కి సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) ఓవర్‌రైడ్ ఫైల్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అన్న లైన్ వేసి డిస్క్ దారి ఇవ్వండి. ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న ఆ డిస్క్ మౌంట్ కాకపోతే సర్వర్ లేవదు. లేవకపోతే స్కాన్ లేదు, స్కాన్ లేకపోతే ఏదీ పోదు. డిస్కుని ఎఫ్‌స్టాబ్‌లో పెట్టి, ఈ లైన్ ముందే వేసి ఉంటే మా ఆదివారాలు మిగిలేవి.

డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండి, మధ్యమధ్య విండోస్ ల్యాప్‌టాప్‌కి కూడా తగిలిస్తుంటారా? అప్‌గ్రేడ్‌కి ముందు విండోస్‌లోనే ఎర్రర్ చెక్ చేయించి, సేఫ్‌గా ఎజెక్ట్ చేయండి. సగంలో పీకిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ లైనక్స్‌లో మౌంట్ కానని మొరాయించవచ్చు, లేదా చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు.

లేచాక వచ్చే చిక్కులు

సర్వర్ లేచింది, కానీ ఇక అప్‌డేట్లు రావడం లేదంటే కారణం దాదాపు ఒక్కటే. ఉబుంటు అప్‌గ్రేడ్ చేసేటప్పుడు బయటి రెపాజిటరీలను (జెల్లీఫిన్ లాంటివాటి అప్‌డేట్లు వచ్చే చోట్లను) ఆపేస్తుంది. సోర్సెస్ ఫైల్ తెరిచి మళ్లీ ఆన్ చేయండి, 22.04 నుంచి 24.04కి మారినవాళ్లు పాత వెర్షన్ పేరు జామీ అని ఉంటే నోబుల్ అని మార్చండి.

వీడియో మొదలై తిరుగుతూ ఆగిపోతున్నా, సీపీయూ వంద శాతానికి పోయి ఫ్యాన్ హోరెత్తుతున్నా హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ (గ్రాఫిక్స్ చిప్‌తో వీడియోని టీవీకి తగ్గట్టు మార్చడం) పని చేయడం లేదని అర్థం. ఫోన్లో హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో తీసిన వీడియోలతో ఇది ముందు బయటపడుతుంది. ఇంటెల్ చిప్ అయితే డెవ్ కింద డీఆర్ఐలో రెండర్‌డీ128 అన్నది ఉందో లేదో చూడండి. ఉంటే, సర్వర్ యూజర్ రెండర్ గ్రూపులో ఉన్నాడా చూడండి. సర్వర్‌ని డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా ఒక కంటెయినర్‌లో ఉంచే పద్ధతి) నడిపేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కంటెయినర్‌కి గ్రూపు పేరు కాకుండా నంబర్ ఇస్తాం. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ నంబర్ మారిపోవచ్చు. కాగితం మీద రాసుకున్నదానితో పోల్చండి. ఎన్‌విడియా కార్డు ఉంటే ముందు డ్రైవర్ లోడ్ అయిందో లేదో చూసుకోండి.

సబ్‌టైటిల్స్‌లో తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే ఫైల్ చెడిపోలేదు. సబ్‌టైటిల్స్‌ని వీడియోలో కలిపి పంపేటప్పుడు సర్వర్‌కి తెలుగు ఫాంట్ కావాలి. నోటో సాన్స్ తెలుగు వేసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

టీవీకి సర్వర్ కనబడకపోతే ముందు ఐపీ చూడండి. మారి ఉంటే రౌటర్‌లో పాతదే రిజర్వ్ చేయండి. ఐపీ సరిగ్గానే ఉంటే ఫైర్‌వాల్‌లో పోర్టు తెరిచి ఉందా చూడండి. జెల్లీఫిన్‌కి 8096, ప్లెక్స్‌కి 32400.

విండోస్ మీద నడిపేవాళ్లకూ ఇదే వరస. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోవడంతో చాలామంది 11కి మారుతున్నారు. మారాక డ్రైవ్ లెటర్ అదేనా, నెట్‌వర్క్ పబ్లిక్‌లోకి పోయిందా, స్లీప్ సెట్టింగ్ మళ్లీ మొదటికొచ్చిందా అని చూడండి.

ఏం జరిగినా కంగారులో సర్వర్‌ని తీసేసి మళ్లీ వేయకండి. ముఖ్యంగా పర్జ్ కమాండ్ జోలికి పోవద్దు, దాంతో డేటాబేస్ కూడా పోయే ప్రమాదం ఉంది. సర్వీస్ నడుస్తోందా, లాగ్‌లో చివరి యాభై లైన్లు ఏమంటున్నాయి, డిస్క్ మౌంట్ అయిందా, సర్వర్ యూజర్ ఆ ఫైళ్లు చదవగలుగుతున్నాడా, ఈ వరుసలో చూసుకుంటూ వెళ్లండి. నాకు ఎదురైన చిక్కుల్లో సర్వర్ ప్రోగ్రామ్ తప్పు ఒక్కటీ లేదు. డిస్కో, పర్మిషనో, డ్రైవరో అయి ఉండేది.

అన్నీ సరిపోయాయనిపించాక ఇంకొక్కసారి రీబూట్ చేయండి, ఈసారి మీరు లాగిన్ కాకుండా. ఐదు నిమిషాలాగి ఇంట్లోవాళ్లనే టీవీ ఆన్ చేయమనండి. పాత డేటాబేస్ కాపీ కనీసం నెల రోజులు చెరపకండి, కొన్ని లోపాలు వారాల తర్వాత గానీ కనబడవు. ఇంటి వీడియోల రెండో డిస్క్ మాత్రం ఇంట్లో పెట్టవద్దు. మాది మేడిపల్లిలో అక్క వాళ్ల బీరువాలో, పెళ్లి ఆల్బమ్ పక్కన ఉంటుంది. వెళ్లినప్పుడల్లా తగిలించి, నానమ్మ టేపు ఒక నిమిషం వినొస్తాను.