ఓఆర్‌ఎమ్ కోడ్ నెమ్మదించిందా? ముందు ఎకో పెట్టి చూడండి

పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ (డేటాబేస్ పట్టికలను పైథాన్ ఆబ్జెక్టులుగా వాడుకోనిచ్చే ఓఆర్‌ఎమ్ లైబ్రరీ) వాడేవాళ్లకు ఒక మాట. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంటే సర్వర్ మార్చే ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. క్రియేట్_ఇంజిన్‌లో ఎకో=ట్రూ అని రాసి, ఆ పేజీ ఒక్కసారి తెరవండి. డేటాబేస్‌కు వెళ్లే ప్రతి క్వెరీ టెర్మినల్‌లో కనిపిస్తుంది.

చిత్తూరు దగ్గర ఒక మామిడి మండీకి లోడ్ల చీటీల (రసీదుల) ప్రోగ్రాం రాశాను. జూన్‌లో తోతాపురి లోడ్లు వరసకట్టాక రోజు రిపోర్టు కదలడమే మానేసింది. ఒకటే టెన్షన్. ఎకో పెట్టి చూస్తే ఒకే సెలెక్ట్ వాక్యం, రైతు నంబరు మాత్రం మారుతూ, తెర నిండా జారిపోతోంది. 300 చీటీలు తేవడానికి ఒక క్వెరీ, ఆపైన 300 మంది రైతుల పేర్లకు తలా ఒకటి, మొత్తం 301. లూప్‌లో చీటీ.రైతు.పేరు అని రాసిన చిన్న లైనే కారణం, కొత్త రైతు వచ్చిన ప్రతిసారీ అది విడిగా ఒక క్వెరీ పంపుతోంది.

ముందే ఎందుకు దొరకలేదంటే, నా టెస్ట్ డేటాలో ఉన్నది ఇద్దరే రైతులు. ఒకసారి తెచ్చిన రైతును సెషన్ (డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఆబ్జెక్టు) గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ డేటాబేస్‌ను అడగదు. కాబట్టి టెస్ట్‌లో వేర్వేరు రైతులు చాలామంది ఉండాలి.

క్వెరీ ఆప్షన్స్‌లో జాయిన్డ్‌లోడ్ ఇస్తే చీటీలతోపాటు రైతుల పేర్లు కూడా అదే క్వెరీలో వచ్చేస్తాయి. రైతు నుంచి అతని చీటీల జాబితాకు వెళ్లేటప్పుడైతే సెలెక్టిన్‌లోడ్ మేలు, రైతు వివరాలు ప్రతి వరసలోనూ మళ్లీ మళ్లీ రావు. రైజ్‌లోడ్ కూడా పెట్టి చూడండి, ముందే లోడ్ చేయమని చెప్పడం మనం మరిచిపోయిన చోట ఎర్రర్ ఇచ్చి పట్టిస్తుంది. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో అయితే ఇలాంటి పనికే సెలెక్ట్_రిలేటెడ్, ప్రిఫెచ్_రిలేటెడ్ ఉన్నాయి.

పనయ్యాక ఎకో తీసేయండి, లేకపోతే లాగ్ ఫైల్ నిండిపోతుంది.