ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీతో ఒప్పందం ఎలా రాసుకోవాలి?

తెలిసిన మేస్త్రీయే కదా అని నోటిమాట మీద ముగ్గు పోయించేవారు చాలామంది. తగాదా సాధారణంగా కొలత దగ్గర మొదలవుతుంది. చదరపు అడుగుకు 1,800 రూపాయలకు మాట కుదిరిందనుకుందాం. ఇంటివారి లెక్కలో ఇల్లు 1,000 అడుగులు. స్లాబు పడ్డాక మేస్త్రీ టేపు పట్టి బాల్కనీ, మెట్ల మీది గది, గోడ దాటిన సజ్జాలు కలిపి 1,180 అంటాడు. తేడా 3,24,000 రూపాయలు!

అందుకే ముందు ప్లాను పరిచి కూర్చోండి. దేనికి పూర్తి రేటు, దేనికి సగం, ఏది లెక్కలోకి రాదు అన్నది ఎర్ర పెన్నుతో దానిమీదే గుర్తుపెట్టి ఇద్దరూ సంతకాలు చేయండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఆ రేటులోవేనా అన్నదీ రాయండి.

తరువాత సామాను సంగతి. కూలి కాంట్రాక్టయితే సెంట్రింగు సామాను (స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే చెక్కలు, ఆధారాలు), మిక్సరు, బైండింగ్ వైరు ఎవరివో తేల్చుకోండి. సామానుతో సహా అయితే ‘మంచి ఇనుము’ అని రాస్తే చాలదు. ఇనుము ఎఫ్‌ఈ 500డి, స్లాబు కాంక్రీటు ఎం20 అని గ్రేడుతో సహా ఇంజనీరు చెప్పినట్లే రాయించండి. టైల్స్‌కు అడుగు ధర వేయండి.

డబ్బు నెలల లెక్కన ఇవ్వకండి. పునాది, ప్లింత్ బీము, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, ఇలా దశ పూర్తయ్యాకే ఆ దశ సొమ్ము. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాక ఇస్తామనండి. మేస్త్రీ మొహం ముడుచుకుంటాడు. ఐదు శాతానికైనా ఒప్పించండి, స్లాబు కారేదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది. మధ్యలో మీరు కోరే అదనపు పనులకు, చేయించకముందే, ఒక నోటుపుస్తకంలో ధర రాసి సంతకం తీసుకోండి.

సెంట్రింగు విప్పే గడువు చాలామంది మరిచిపోతారు. మేస్త్రీకి ఆ చెక్కలు వేరే ఇంటికి కావాలి, తొందర ఆయనది. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్లాబు కింది ఆధారాలు, గోడ నుంచి గోడకు దూరం 4.5 మీటర్ల వరకు అయితే కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉండాలి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు వాడినా, ఎండాకాలంలో పోసినా స్లాబును కనీసం 10 రోజులు తడపాలి. నీళ్లు పట్టే మనిషి ఎవరో కూడా రాయండి.

ఆలస్యానికి ‘రోజుకు పదివేలు’ అని బెదిరింపుగా రాసి లాభం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు. ఆ మొత్తాన్ని మీరు ఇప్పుడుంటున్న ఇంటికి చెల్లించే అద్దెకు ముడిపెట్టండి. మీ వల్ల పని ఆగితే ఆ రోజులు గడువుకు కలపడం న్యాయం.

సొంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకునే ఇంటికి రెరా (రియల్ ఎస్టేటు నియంత్రణ) చట్టంలో బిల్డర్లకు పెట్టిన అయిదేళ్ల మరమ్మతు బాధ్యత వర్తించదు. పగుళ్లు, లీకులు ఎంతకాలం బాగుచేయాలో మీరే రాసుకోవాలి. గృహనిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘సేవ’ కిందికి వస్తుంది కనుక తేడా వస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఇదంతా స్టాంపు కాగితం మీద రెండు ప్రతులుగా రాసి, గుర్తులు పెట్టిన ప్లాను జతచేసి, ప్రతి పేజీలో ఇద్దరి సంతకాలు, చివర ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. అడ్వాన్సు ఆ తరువాతే.