పాత బొమ్మకు పనిబట్టలు – 3వ పాఠం: ఎగదోపిన పావడా

పోయిన పాఠంలో కొలతలు తీసుకున్నాం. బొమ్మ ఎత్తు 30 సెంటీమీటర్లు, నడుము 12. పింగాణీ తల, రంపపు పొట్టు కూరిన గుడ్డ ఒళ్లు. దీనికి స్కాట్లాండ్‌లో ఇప్పుడు ఎడిన్‌బరో నగరంలో కలిసిపోయిన న్యూహేవెన్ రేవు చేపలమ్మి వేషం కడుతున్నాం. మీ బొమ్మకు అసలు బట్టలే ఉంటే, చిరిగినా సరే, వాటిని ఉతకొద్దు, కత్తిరించొద్దు. ఈ పాఠం బట్టల్లేకుండా దొరికిన బొమ్మకే.

సూది పట్టే ముందు 1843–47 మధ్య హిల్, ఆడమ్సన్ అనే ఇద్దరు స్కాట్లాండ్ ఫోటోగ్రాఫర్లు తీసిన న్యూహేవెన్ ఫోటోలు చూడండి. చారల పావడాలు ఒకదాని మీద ఒకటి. పైదాన్ని ఎత్తి నడుము దగ్గర దోపుకున్నారు, మన రేవుల్లో ఆడవాళ్లు చీర ఎగదోపుకున్నట్టే. చేపల బుట్ట వీపు మీద, దాని పట్టీ నుదుటి మీద. నడుము చుట్టూ పోగైన ఆ గుడ్డే బుట్టకు మెత్త. అందుకే ఆ ఉబ్బు దగ్గర నేను రాజీపడను. దాన్ని చదును చేసి, అంచుకు లేసు కుట్టిన బొమ్మను చూస్తే బాధేస్తుంది. ఆ మనిషి మోసిన బరువే కనిపించకుండా పోతుంది.

చార వెడల్పు చూసుకోండి. బొమ్మ మనిషిలో దాదాపు ఐదో వంతు కాబట్టి 1 సెంటీమీటరు చార ఇక్కడ 2 మిల్లీమీటర్లు. సన్నచారల నూలు షర్టు గుడ్డ సరిపోతుంది. మందం గుడ్డైతే గొడుగులా నిలబడుతుంది.

చార నిలువుగా వచ్చేలా 36 సెంటీమీటర్ల వెడల్పు, 16 పొడవున రెండు ముక్కలు కత్తిరించండి, కింది పావడాకు ఒకటి, పై పావడాకు ఒకటి. అంచులు మడిచి కుట్టాక 14 మిగలాలి. నడుము వైపు 3 మిల్లీమీటర్ల ఎడంతో రెండు వరసలు కచ్చాకుట్టు వేసి, దారాలు కలిపి లాగండి. కుచ్చులు సమంగా సర్దాక నాడాకు కుట్టేయండి.

ఇక అసలు పని. పై పావడాను సగం పొడవు దగ్గర పట్టుకుని నడుము దాకా ఎత్తండి. కింది సగం మోకాళ్ల మీదికి జారుతుంది, లోపల మడత ఉబ్బుతుంది. పక్కల రెండు, వెనక రెండు చోట్ల చిన్న కుట్లు చాలు. ముందు భాగాన్ని ఏప్రాన్ కప్పేస్తుంది.

మడతలు దిగాలంటే గుడ్డను తడిపి, వదులుగా దారం చుట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. ఇదంతా బొమ్మకు తొడగక ముందే. పొట్టుకు తడి తగిలితే ఒళ్లు పాడవుతుంది.

వచ్చే పాఠం బుట్ట. సన్నని తోలు పట్టీ ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.