వేడుక కేకు ఎంచుకోవడం – 4వ పాఠం: పాపాయి జ్ఞానస్నానానికి

భోజనం తర్వాత 40 మందికి ఎంత కేకు కావాలో పోయిన పాఠంలో లెక్క వేయమన్నాను, ముందుగా దాని జవాబు. భోజనం తర్వాత కోసే కేకు మనిషికి 60 గ్రాములు చాలనుకున్నాం. 40 మందికి 2,400 గ్రాములు, అంటే రెండున్నర కిలోలు చెప్పండి. భోజనం లేకుండా టీతో కేకే పెడితే మనిషికి 100 గ్రాములు వేసుకోవాలి.

ఈసారి జ్ఞానస్నానం, అంటే చర్చిలో పాపాయికి ఇచ్చే బాప్తిస్మం, ఆ రోజు కోసే కేకు. బేకరీలో ఆల్బం తిరగేసే ముందే ఒక సంగతి తేల్చుకోండి: చర్చిలో పూజ ఎన్నింటికి అవుతుంది, కేకు ఎన్నింటికి కోస్తారు? మా మేనకోడలి జ్ఞానస్నానం గుంటూరులో, మే నెలలో. క్రీము కేకు ఉదయం తొమ్మిదికే హాల్లో పెట్టించాం. పూజయ్యి, ఫాదర్ గారితో ఫోటోలయ్యి, అందరూ వచ్చేసరికి పదకొండున్నర. అప్పటికే పాప పేరు అంచు మీది నుంచి జారిపోయింది. మా వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బేకరీ వాళ్ళను అనడానికి లేదు, కోసే వేళ మేమే చెప్పలేదు.

వెన్న 35 డిగ్రీలలోపే కరుగుతుంది. అందుకే ఏసీ లేని హాల్లో ఎండాకాలం బటర్‌క్రీమ్ (వెన్న, పంచదార పొడి గిలక్కొట్టిన క్రీము) కూడా వద్దు. లోపల క్రీము లేని ప్లమ్ కేకు గానీ వెన్న కేకు గానీ తీసుకుని, పైన తెల్లని ఫాండెంట్ (కేకు మీద దుప్పటిలా కప్పే పంచదార ముద్ద) వేయించండి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమట పట్టినట్టు తడుస్తుంది. ఏసీ ఉంటే టెన్షన్ లేదు, మీకు నచ్చిన క్రీము చెప్పుకోవచ్చు.

అలంకరణకు గుడిలో జరిగేదే ఆధారం. నీళ్ళు, తెల్లని వస్త్రం, పాస్కా కొవ్వొత్తి (ఈస్టరు పండుగకు వెలిగించే పెద్ద కొవ్వొత్తి) నుంచి వెలిగించే చిన్న కొవ్వొత్తి. వీటిలో ఒకటి చాలు. సిలువను మాత్రం కేకు పైన పరిచినట్టు వేయించకండి. సిలువ మీద కత్తి పెట్టాలంటే నాకు చెయ్యి రాదు. విడిగా నిలబెట్టమనండి, కోసే ముందు జ్ఞాన తల్లి (జ్ఞానస్నానంలో పాప తరఫున నిలబడే ఆవిడ, గాడ్‌మదర్) దాన్ని తీసి పక్కన పెడుతుంది.

పేరు విషయంలో తొందరపడకండి. ఇంట్లో పిలిచే పేరా, ఫాదర్ గారు పలికే పేరా అన్నది ముందే అనుకోండి. తెలుగులో రాయించాలంటే వత్తులతో సహా పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసివ్వండి. బాప్టిస్టు సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, బిడ్డను దేవుడికి అప్పగిస్తూ ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. అక్కడి కేకు మీద ఆ మాటే ఉండాలి.

పాపకు ఏడాది నిండకపోతే తేనె వేసిన కేకు నాకించకండి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళకు ప్రమాదం, అది ఓవెన్ వేడికి కూడా చావకపోవచ్చు. గట్టి వెండి గుళికలు, లోపల గుచ్చే తీగలు కూడా వద్దని చెప్పండి, వచ్చే పిల్లలందరూ అదే కేకు తింటారు.

అభ్యాసం: ఆగస్టులో సాయంత్రం అయిదింటికి, ఏసీ లేని ఇంట్లో, టీతో 25 మందికి కేకు. బరువు, పైపూత, రాయించే మాట నోట్‌బుక్‌లో రాసి ఉంచుకోండి. 5వ పాఠంలో దాన్నే పట్టుకుని బేకరీకి వెళ్ళి ఆర్డరు ఇద్దాం.