సంవత్సరాది రాత్రి ఇంటిల్లిపాదీ చుట్టే జ్యావ్‌జ

ఉత్తర చైనాలో చాంద్రమాన సంవత్సరాది ముందు రాత్రి ఇంటివారంతా ఒకే బల్ల చుట్టూ చేరి, మాంసం, క్యాబేజీ కూరిన మైదా కుడుములైన జ్యావ్‌జ చుట్టడం ఆనవాయితీ. పాతకాలపు వెండి కడ్డీల ఆకారంలో ఉంటాయి కనుక అవి సిరిని తెస్తాయని అక్కడివారి నమ్మకం.

నలుగురైదుగురికి 500 గ్రాముల మైదాలో సుమారు 250 మిల్లీలీటర్ల చన్నీళ్లు పోసి గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. ఈలోగా 400 గ్రాముల చైనా క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు చల్లి, పావుగంట తరువాత నీరంతా పిండేయాలి. ఇక్కడ బద్ధకిస్తే చుట్టేటప్పుడు అంచులు తడిసి విడిపోతాయి. అంతే బరువు పంది ఖైమాలో సోయా సాస్, అల్లం, ఉల్లికాడలు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ జిగురు వచ్చేదాకా ఒకే వైపుకు తిప్పి, క్యాబేజీని, నువ్వుల నూనెను చుట్టబోయే ముందు మాత్రమే కలపాలి.

ఒత్తే పని ఇంట్లో చేయి తిరిగినవారికే అప్పగించడం మంచిది, ఎందుకంటే మిగిలినవారి వేగమంతా వారి మీదే ఆధారపడుతుంది. పన్నెండేసి గ్రాముల ఉండను అరచేతితో అదిమి, ఎడమచేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ, కుడిచేత్తో కర్రను అంచు నుంచి మధ్యదాకా మాత్రమే నడిపి వెనక్కు తీయాలి. అలా చేస్తే నడుమ మందంగా, అంచు పలుచగా వస్తుంది; మధ్యలో మాంసం మిశ్రమం పెట్టి మడిచినప్పుడు రెండంచులు కలిసిన చోట పిండి పచ్చిగా మిగలదు. పిల్లలు కుచ్చిళ్లు పెట్టలేకపోయినా ఫరవాలేదు, లోపలి గాలి పోయేలా సగానికి మడిచి గట్టిగా నొక్కితే చాలు. ఒకదానిలో నాణెం దాచి, అది దొరికినవారికి ఏడాదంతా అదృష్టమనే ఇళ్లూ ఉన్నాయి. పిల్లలుంటే దాని బదులు వేరుశనగ గింజ పెట్టడమే క్షేమం.

పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా వేసి, అడుగంటకుండా గరిటె వెనుక వైపుతో మెల్లగా నెట్టాలి. పొంగు వచ్చిన ప్రతిసారీ ఒక కప్పు చన్నీళ్లు, అలా మూడుసార్లు పోస్తే, పై పొర చిట్లకముందే లోపలి మాంసం ఉడుకుతుంది. అర్ధరాత్రి వేళ వేడివేడిగా వడ్డించి, నల్ల వెనిగర్‌లోనో, చాంద్రమానపు పన్నెండో నెల ఎనిమిదో రోజున వెనిగర్‌లో ఊరవేయగా పచ్చబడిన వెల్లుల్లితోనో తినాలి. ఉడికించినవి మిగిలితే మరునాటి ఉదయం పెనం మీద ఎర్రగా కాల్చుకోవచ్చు.