రాకీ పర్వతాల్లో దారిని ఎంచుకోవడం ఎలా: నడక, స్క్రాంబ్లింగ్, స్కీయింగ్

కెనడాలోని కాల్గరీ నగరం నుంచి పడమరగా సుమారు 125 కిలోమీటర్లు వెళితే రాకీ పర్వతాల్లోని బాన్ఫ్ వస్తుంది. 1885లో వేడినీటి బుగ్గల చుట్టూ కేటాయించిన కొద్దిపాటి స్థలంతో మొదలై 6,641 చదరపు కిలోమీటర్లకు విస్తరించిన ఈ జాతీయ పార్కులోనూ, దాన్ని ఆనుకుని ఉన్న కననాస్కిస్‌లోనూ లెక్కలేనన్ని కాలిబాటలున్నాయి. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, చదువుల కోసం వచ్చిన మన విద్యార్థులూ వేసవి వారాంతాల్లో ఇక్కడికి వస్తూనే ఉంటారు. అయితే చాలామంది దారిని ఫొటో చూసి ఎంచుకుంటారు. సరస్సు బాగుంది, పొడవు నాలుగే కిలోమీటర్లు, ఇంకేం కావాలి అనుకుంటారు. దారి కష్టం పొడవులో తెలియదు. ఎంత ఎత్తు ఎక్కాలి, కాలి కింద నేల ఎలాంటిది, ఆ వారం మంచు ఎక్కడి దాకా ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఒక దారి మనకు తగినదో కాదో చెప్పగలం. జులైలో పిల్లలతో హాయిగా నడిచిన బాటే జనవరిలో మంచు చరియలు దూకే వాలు కిందుగా సాగవచ్చు.

ఎత్తు, దూరం, సమయం

బాన్ఫ్‌కు దగ్గరలోని కాన్‌మోర్ ఊరికి పైన నిలిచి కనిపించే హా లింగ్ శిఖరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దీని ఎత్తు 2,407 మీటర్లు. గోట్ క్రీక్ పార్కింగ్ నుంచి శిఖరానికి దూరం నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ, కానీ ఆ కొద్ది దూరంలోనే 700 మీటర్లకు పైగా ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు నడిచినవారికి కాళ్ళలో ఆ శ్రమ ఎలా ఉంటుందో తెలుసు. అయితే అక్కడ తొమ్మిది కిలోమీటర్ల పొడవునా పంచుకున్న ఎక్కుడు ఇక్కడ దాదాపు సగం దూరంలోనే వస్తుంది, పైగా దారిలో నీడపందిళ్ళు, మంచినీళ్ళు, కొట్లు ఏవీ ఉండవు. 2019లో బాటను బాగుచేసి నిటారు చోట్ల మెట్లు, గొలుసులు అమర్చిన తరువాత కింది భాగం సులువైంది గానీ, చెట్లు ఆగిపోయాక శిఖరానికి వెళ్ళే చివరి అంకం ఇప్పటికీ వదులు రాళ్ళ మీదనే సాగుతుంది. 1896లో కాన్‌మోర్‌లో వంటపని చేసిన చైనా దేశీయుడు హా లింగ్ ఊరి నుంచి బయలుదేరి పది గంటల లోపే ఎక్కి దిగాడని ప్రసిద్ధి. కొండకు ఆయన పేరు అధికారికంగా దక్కింది మాత్రం 1997లో.

సమయాన్ని అంచనా వేయడానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. బాన్ఫ్ పార్కులోని మొరైన్ లేక్ అనే సరస్సు నుంచి సెంటినెల్ కనుమకు దూరం 5.8 కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 725 మీటర్లు. దూరానికి గంటా పది నిమిషాలు, ఎత్తుకు గంటా పన్నెండు నిమిషాలు, వెరసి దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఇది ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి లెక్క. పిల్లలు, పెద్దవాళ్ళు, ఫొటోలు, భోజనం అన్నీ కలిస్తే దీన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవడం మంచిది. లెక్క వేసేటప్పుడు గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారినే కొలమానంగా పెట్టుకోవాలి. ముందు నడిచేవారి వేగానికి ఇక్కడ విలువ లేదు.

మొదటిసారి వచ్చేవారు ఎక్కుడు క్రమంగా పెరిగేలా దారులను ఎంచుకుంటే తమ శక్తి తమకే తెలుస్తుంది. బాన్ఫ్ ఊళ్ళోనే ఉన్న టన్నెల్ మౌంటెన్‌తో మొదలుపెట్టి, తరువాత లేక్ లూయీస్ నుంచి లేక్ ఆగ్నెస్‌కు వెళ్ళవచ్చు. 3.5 కిలోమీటర్ల దూరంలో 400 మీటర్లు ఎక్కించే ఈ బాట చివర 1901 నాటి టీ హౌస్ ఉంది. ఆ తరువాత సల్ఫర్ మౌంటెన్‌కు 5.5 కిలోమీటర్లు, 655 మీటర్లు. అక్కడ అలసిపోతే గొండోలాలో (తీగ మీద నడిచే కేబుల్ కారులో) దిగే వీలుంది కాబట్టి శక్తిని పరీక్షించుకోవడానికి ఇంతకన్నా అనువైన కొండ లేదని నా అభిప్రాయం. ఇవన్నీ ఇబ్బంది లేకుండా పూర్తిచేసినవారు లేక్ లూయీస్ పక్కనే ఉన్న ఫెయిర్‌వ్యూ మీద దృష్టి పెట్టవచ్చు. 1,731 మీటర్ల దగ్గర మొదలై 2,744 మీటర్ల దగ్గర ముగిసే ఆ దారిలో ఎక్కుడు వెయ్యి మీటర్లు దాటుతుంది. శాడిల్‌బ్యాక్ కనుమ దాకా చక్కని బాట, అక్కడి నుంచి రాళ్ళ మీద వంకరటింకర కాలిజాడ. నడక ముగిసి, చేతుల సాయంతో ఎక్కే స్క్రాంబ్లింగ్ మొదలయ్యే సరిహద్దు ఎలా ఉంటుందో ఆ చివరి అరగంటలో అర్థమవుతుంది.

స్క్రాంబ్లింగ్

తాడు వాడకుండా, అవసరమైన చోట చేతులతో పట్టుకుంటూ కొండ ఎక్కడాన్ని స్క్రాంబ్లింగ్ అంటారు. రాకీలలో ఈ దారులను సులభం, మధ్యస్థం, కఠినం అని మూడుగా చెప్పడం అలవాటు. సులభమైన వాటిలో చేతుల పని దాదాపు ఉండదు, నిటారైన గులకరాళ్ళ వాలు మీద నడక ఉంటుంది. మధ్యస్థంలో అక్కడక్కడా చేతులు వాడాలి, దారి వెతుక్కోవాలి. కఠినమైన వాటిలో పడితే బతకడం కష్టమైన చోట్లుంటాయి. తాడు వాడే పద్ధతి తెలియనివారు వాటి జోలికి వెళ్ళకూడదు. ఈ మూడు మాటలూ రాయి పొడిగా, మంచు లేకుండా ఉన్న రోజుకు మాత్రమే వర్తిస్తాయని గుర్తుపెట్టుకోవాలి. తడి సున్నపురాయి మీద, అందులోనూ నాచు పట్టిన చోట, సులభమైన దారి కూడా కఠినమవుతుంది.

రాకీల రాయి చాలావరకు సున్నపురాయి, డోలమైట్. పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి, కరిగి, మళ్ళీ గడ్డకట్టడం వల్ల రాయి పొరలు పొరలుగా వదులవుతుంది. అందుకే ఇక్కడ ఏ పట్టునూ చూపుతో నమ్మకూడదు. రాతిని పట్టుకునే ముందు అరచేతి మడమతో ఒకసారి కొట్టి చూడండి: గట్టి రాయి మొద్దుగా పలుకుతుంది, విడిపోయిన పలక డొల్లగా మోగుతుంది, కొన్నిసార్లు వేళ్ళకు సన్నని కదలిక తెలుస్తుంది. పట్టు మంచిదని తేలినా దాన్ని మీవైపు లాగకుండా కిందికి నొక్కుతూ బరువు వేయాలి, ఎందుకంటే బయటికి లాగిన పలక సొరుగులా ఊడివస్తుంది. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఒకసారి ఒక్కదాన్నే కదిలించాలి. నిటారు కాలువల్లో ఒకరి కింద ఒకరు నడవకుండా, ఒకరు పక్కకు జరిగి నిలిచాక మరొకరు కదలాలి. రాయి జారితే సిగ్గుపడకుండా గట్టిగా అరవాలి. హెల్మెట్ తప్పనిసరి.

దారి తప్పడం వల్ల జరిగే ప్రమాదాలకు బాన్ఫ్ ఊరి పక్కనున్న రండిల్ పర్వతమే పాఠం. 2,948 మీటర్ల ఆ శిఖరానికి వెళ్ళే బాట అడవిలోంచి చాలాసేపు అడ్డంగా సాగి, ఒక పెద్ద రాళ్ళ కాలువను దాటి, అవతలి గట్టున పైకి తిరుగుతుంది. కాలువ విశాలంగా, నేరుగా శిఖరం వైపు చూపిస్తున్నట్టు కనిపించడంతో చాలామంది దాటకుండా అందులోనే పైకి ఎక్కుతారు. పైన పలకలు నిటారై ముందుకూ వెనక్కూ పోలేని స్థితి వస్తుంది. ఇలాంటి మలుపులను ఇంటి దగ్గరే మ్యాపులో గుర్తించి, ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుని, ఆ చోటుకు చేరగానే ఆగి సరిచూసుకోవాలి. దిగేటప్పుడు కొత్త దారి కనిపించినా ఎక్కిన దారినే దిగాలి. పై నుంచి చూస్తే సాఫీగా కనిపించే కాలువ చివర కింద కొండ అంచు ఉండవచ్చు, అది పై నుంచి కనబడదు.

సెంటినెల్ కనుమ దాకా బాగా నడిచినవారికి పక్కనే ఉన్న మౌంట్ టెంపుల్ ఆశ పెడుతుంది. 3,544 మీటర్ల ఈ శిఖరానికి సరస్సు నుంచి లెక్కిస్తే 1,650 మీటర్లకు పైగా ఎక్కాలి. మంచు పూర్తిగా పోయిన తరువాత, సాధారణంగా జులై చివరి నుంచి సెప్టెంబరు తొలి వారాల మధ్య మాత్రమే ఇది స్క్రాంబ్లింగ్ దారి. 1955 జులై 11న ఇదే పర్వతపు నైరుతి వాలు మీద ఏడుగురు అమెరికన్ కుర్రాళ్ళు మంచు చరియ కింద చనిపోయారు. వేసవి కదా, మంచు ఏం చేస్తుంది అనే ధీమాకు రాకీలలో తావు లేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు కూడా మామూలే కాబట్టి, ఎత్తైన గట్ల మీద నుంచి మధ్యాహ్నానికల్లా దిగడం మొదలుపెట్టేలా తెల్లవారుజామునే బయలుదేరాలి. వెనుదిరిగే గంటను ముందే నిర్ణయించుకుని, శిఖరం కళ్ళెదుటే ఉన్నా ఆ గంట కొట్టగానే తిరగాలి.

చలికాలం

మంచు పడ్డాక ఇదే ప్రాంతాన్ని కొత్త మ్యాపుతో చదవాలి. స్కీ నేర్చుకోవాలనుకునేవారు సన్‌షైన్, లేక్ లూయీస్, నార్క్వే రిసార్టుల్లో శిక్షకుడి దగ్గర మొదలుపెట్టడం ఉత్తమం; అక్కడ వాలులను సిబ్బంది అదుపులో ఉంచుతారు. నడకలా సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కు 1988 వింటర్ ఒలింపిక్స్ కోసం నిర్మించిన కాన్‌మోర్ నార్డిక్ సెంటర్ ఉంది. వేసవిలో షటిల్ బస్సులు తిరిగే మొరైన్ లేక్ రోడ్డు మీద చలికాలంలో సుమారు 8 కిలోమీటర్ల దాకా యంత్రంతో స్కీ గాడులు తీస్తారు. గాడులు ఆగిన చోటే మనమూ ఆగి వెనక్కి తిరగాలి, ఎందుకంటే అక్కడి నుంచి రోడ్డు మంచు చరియల దారుల కిందుగా పోతుంది.

వేసవి బాటలన్నీ చలికాలపు బాటలు కావనడానికి లేక్ ఆగ్నెస్ మంచి నిదర్శనం. మిర్రర్ లేక్ దాటాక టీ హౌస్‌కు వెళ్ళే దారి మంచు చరియలు దూకే వాలును అడ్డంగా కోస్తుంది. కాలిజాడలు ఉన్నాయి కదా అని చాలామంది వెళుతుంటారు. ఆ జాడలు ముందు ఎవరో వెళ్ళారని చెబుతాయే గానీ వాలు నిలకడగా ఉందని చెప్పవు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మనం నిలబడింది చదునైన నేల అయినా, పైన అలాంటి వాలు ఉంటే ప్రమాదం మనదే.

2003 ఫిబ్రవరి 1న పక్క రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియాలోని రోజర్స్ కనుమ దగ్గర స్కీ యాత్రలో ఉన్న ఏడుగురు విద్యార్థులు మంచు చరియలో ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటి ఏడాది జాతీయ పార్కులను నడిపే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా ప్రతి దారికీ నేల స్వభావాన్ని బట్టి సింపుల్, చాలెంజింగ్, కాంప్లెక్స్ అనే తరగతులను తెచ్చింది. దీనికి తోడు మంచు స్థితిని బట్టి లో, మోడరేట్, కన్సిడరబుల్, హై, ఎక్స్‌ట్రీమ్ అని ఐదు స్థాయిల్లో ప్రమాద సూచన వెలువడుతుంది. మొదటిది మారని నేలను, రెండవది రోజురోజుకూ మారే మంచును చెబుతుంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. కొత్తవారు సింపుల్ నేలకే పరిమితమై, సూచన లో లేదా మోడరేట్ ఉన్న రోజుల్లోనే వెళ్ళాలి. ఐదులో మూడవదైన కన్సిడరబుల్‌ను మధ్యస్థంగా తీసుకోవడం పెద్ద పొరపాటు. ఆ స్థాయిలో మనిషి బరువుకే చరియ విరిగే అవకాశం ఉంది.

రిసార్టు దాటి వెళ్ళే ప్రతి ఒక్కరి ఒంటి మీద ట్రాన్సీవర్ (మంచులో కూరుకున్నవారి జాడ తెలిపే రేడియో పరికరం), సంచిలో ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. పార్కింగ్‌లోనే ఒకరు ముందుకు వెళ్ళి నిలబడి, మిగిలినవారు ఒక్కొక్కరుగా దాటుతుంటే ప్రతి ట్రాన్సీవర్ సంకేతం పంపుతోందో లేదో, తరువాత అందుకుంటోందో లేదో పరీక్షించాలి. మంచులో కూరుకున్న మనిషి బతికే అవకాశం మొదటి పది పదిహేను నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది, అంటే రక్షించవలసింది పక్కనున్న స్నేహితులే. అందుకే పరికరాలు కొనే ముందు ఏఎస్‌టీ 1 (అవలాంచ్ స్కిల్స్ ట్రైనింగ్, అంటే మంచు చరియల గురించిన తొలి స్థాయి) శిక్షణ తీసుకోవాలి.

బయలుదేరే ముందు

బాన్ఫ్‌లో జాతీయ పార్కు పాసు, కననాస్కిస్‌లో వాహనానికి వేరే పాసు కావాలి. 2023 నుంచి మొరైన్ లేక్‌కు సొంత కార్లను అనుమతించడం లేదు కాబట్టి షటిల్ సీటు ముందుగానే పట్టుకోవాలి. మీదికొచ్చే ఎలుగుబంటిని తరమడానికి వాడే మిరపఘాటు బేర్ స్ప్రేను సంచిలో కాకుండా నడుముకు తగిలించుకోవాలి; విమానంలో తీసుకురానివ్వరు గనుక ఇక్కడే కొనాలి లేదా అద్దెకు తీసుకోవాలి. ఎలుగుబంటికి 100 మీటర్లు, ఎల్క్‌లకు (పెద్ద జాతి దుప్పులకు) 30 మీటర్లు దూరం పాటించాలి. సెంటినెల్ కనుమ ప్రాంతంలో కొన్ని కాలాల్లో కనీసం నలుగురు దగ్గర దగ్గరగా నడవాలనే ఆంక్ష ఉంటుంది, దాన్ని ఉల్లంఘించడం నేరం. పులిహోర పొట్లాలు తీసుకెళ్ళండి, కానీ ఒక్క మెతుకు కూడా కింద వదలకండి. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరకు చంపవలసి వస్తుంది.

లోయల్లో ఫోను సిగ్నల్ ఉండదు. ఊళ్ళో ఉండే ఒకరికి దారి పేరు, కారు ఎక్కడ ఆపుతున్నదీ, ఎందరు వెళుతున్నదీ, ఎన్ని గంటలకు తిరిగివస్తారన్నదీ రాసి పంపండి. ఏ గంట దాటితే అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలో కూడా అందులోనే రాయండి, లేకపోతే వారు ఎంతసేపు ఆగాలో తెలియక తటపటాయిస్తారు. ఉపగ్రహ మెసెంజరు ఉంటే దానితోనూ పరీక్షగా ఒక సందేశం పంపి చూసుకోండి. దారి మార్చుకుంటే వెంటనే ఆ సంగతి చెప్పండి, కారు దగ్గరకు చేరాక మరచిపోకుండా ఫోను చేయండి.